వాన్ గో ఇంట్లోవాళ్ళ మీద పుస్తకాలు: ఏది కొనాలి, ఏది అడిగి తెచ్చుకుంటే చాలు

డచ్ చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో మరదలు జో వాన్ గో-బొంగర్ మీద హాన్స్ లూయిటెన్ రాసిన జీవిత చరిత్ర పార్సిల్ వచ్చిన రోజు మా ఆవిడ దాన్ని చేత్తో ఎత్తి చూసి, "గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకోవచ్చు" అంది. నిజమే, సుమారు అయిదొందల పేజీల పుస్తకం. పంపినవాళ్ళు దాన్ని పల్చటి ప్లాస్టిక్ కవర్లో పడేసి పంపారు, ఒక మూల చితికిపోయి వచ్చింది. తిరిగి పంపేద్దామనే అనుకున్నాను. కానీ భోజనమయ్యాక ఊరికే రెండు పేజీలు తిప్పుదామని కూర్చుని పన్నెండున్నర దాకా లేవలేదు, ఇక పంపేదేముంది.

వాన్ గో అంటే మనలో చాలామందికి తెలిసినవి మూడు ముక్కలు. చెవి కోసుకున్నాడు, బతికుండగా ఒక్క బొమ్మే అమ్ముడుపోయింది, పోయాక అవే బొమ్మలు కోట్లు పలికాయి. నాకూ ఇంతే తెలుసు. తర్వాత ఇర్వింగ్ స్టోన్ 1934లో రాసిన నవల 'జీవన లాలస' పేరుతో తెలుగులో దొరికితే చదివాను, వారం రోజులు ఏ పనీ చేతికి రాలేదు. ఇప్పటికీ ఆ నవలంటే ఇష్టమే, కాకపోతే అది నవల. అన్నదమ్ములిద్దరి సమాధుల దగ్గర కథ ఆగిపోతుంది. నాకు అక్కడే ఒక సందేహం పట్టుకుంది. సరే, 1890 జూలైలో అన్న పోయాడు, ఆరు నెలలకి తమ్ముడు పోయాడు. మరి ఆ వందల బొమ్మలు ఎవరింట్లో ఉన్నాయి? ఆ ఇంటికి అద్దె ఎవరు కట్టారు? ఎవరో ఒకరు కట్టే ఉంటారు కదా.

ఆ ఒక్క ప్రశ్న వల్ల ఏడాదిలో నాలుగు పుస్తకాలు చేరాయి. 'కొనేముందు నిన్ను అడిగి ఉంటే మాకు డబ్బు మిగిలేది' అని ఇద్దరు ముగ్గురు నాతో అన్నారు కాబట్టి అడగకముందే రాస్తున్నాను.

అన్నిటికంటే చవకైనది, తేలిగ్గా దొరికేది ఉత్తరాల సంపుటం. పెంగ్విన్ క్లాసిక్స్ వాళ్ళది, ఎంపిక చేసిన ఉత్తరాలు. ఎంపిక చేసింది రొనాల్డ్ డి లేవ్, ఆమ్‌స్టర్‌డామ్‌లోని వాన్ గో మ్యూజియానికి డైరెక్టర్‌గా చేసినాయన. ఇంగ్లీషులోకి తెచ్చింది ఆర్నాల్డ్ పొమరాన్స్. రంగు బొమ్మలు ఆశించకండి, అక్షరాలు కూడా చిన్నవే, నాకైతే కళ్ళజోడు ఉన్నా లైటు దగ్గరికి జరగాల్సి వచ్చింది. కానీ చదవడం మొదలుపెట్టాక ఇవేవీ గుర్తుండవు.

నేను మొదట్లో ఏమనుకున్నానంటే, ఇదంతా కళ గురించీ ఆత్మ గురించీ పెద్ద పెద్ద మాటలుంటాయని. ఉన్నాయి. కానీ వాటికంటే ఎక్కువగా డబ్బులున్నాయి. దక్షిణ ఫ్రాన్స్‌లోని ఆర్ల్ నుంచి రాసిన ఉత్తరాలు చాలావాటిలో మొదటి వాక్యమే, నువ్వు పంపిన యాభై ఫ్రాంకుల నోటు అందింది, నూరు ఫ్రాంకుల నోటు అందింది అని. ఆ వెంటనే ఏ రంగు ట్యూబులు ఎన్ని కావాలో, కాన్వాస్ ఎన్ని మీటర్లు కావాలో ఉంటుంది. ఒకచోట పోస్టాఫీసు ఉద్యోగి రూలాఁ గురించి రాస్తూ, నెలకి 135 ఫ్రాంకులతో భార్యనీ పిల్లల్నీ నెట్టుకొస్తున్నాడంటాడు. ఈ విన్సెంట్‌కేమో తమ్ముడు అంతకంటే ఎక్కువే పంపేవాడు, ఒంటరి మనిషి, అయినా నెలాఖరుకి తిండికి ఇబ్బందే. రంగులూ కాన్వాసూ మోడళ్ళూ ఎంత తినేస్తాయో చూడండి. మన ఇళ్ళల్లో ఒక అన్నయ్య ఉంటాడు, ఏ ఉద్యోగంలోనూ నిలవడు, తమ్ముడి జీతం మీద బతుకుతాడు, పైగా తమ్ముడికే సలహాలిస్తాడు. చదువుతుంటే అలాంటివాళ్ళు నలుగురైదుగురు గుర్తొచ్చారు, తేడా ఏంటంటే ఈయన చేతిలో కుంచె ఉంది.

ఇంకో సంగతి. విన్సెంట్ రాసిన ఉత్తరాల్లో ఇవాళ మిగిలినవి 820, అందులో 650 దాకా తమ్ముడు తియోకి రాసినవే. తియో అన్నకి రాసినవి మాత్రం 40 దాకానే ఉన్నాయి. ఎందుకంటే తమ్ముడు ప్రతి కాయితమూ దాచాడు, అన్నకి ఆ అలవాటు లేదు. బస్సులో పక్క సీటాయన ఫోన్లో అరగంట మాట్లాడితే మనకి ఒకవైపే వినిపిస్తుంది చూడండి, ఈ పుస్తకం అలా ఉంటుంది. అవతల మనిషి ఏమన్నాడో మనమే ఊహించుకోవాలి. అవతలివాడికి ఒంట్లో బాగోలేదనీ, ఆఫీసులో యజమానులతో పడటం లేదనీ, ఇంట్లో పసిబిడ్డ ఉందనీ మెల్లగా తెలుస్తుంటుంది.

ఒక చిట్కా. 2009లో మ్యూజియం వాళ్ళు మొత్తం ఉత్తరాల్ని 6 సంపుటాలుగా వేశారు, దానికి 15 ఏళ్ళు పట్టింది. అది మనలాంటివాళ్ళు కొనేది కాదు. కానీ అదంతా ఇంగ్లీషు అనువాదంతో సహా నెట్‌లో ఉచితంగా పెట్టేశారు, ఉత్తరాల ఫొటోలతో, అందులో ప్రస్తావించిన బొమ్మలతో. నేను పెంగ్విన్ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, ఫోన్లో ఆ సైటు తెరుచుకుని చదివాను. ఉత్తరం మధ్యలో గీసిన చిన్న స్కెచ్, చుట్టూ అదే సిరాతో ఇరుకిరుగ్గా రాసిన అక్షరాలు. ఆ కాయితాన్ని అలా పెద్దది చేసి చూస్తే, నిజం చెప్పాలంటే, పుస్తకం కొనకపోయినా పర్లేదనిపిస్తుంది. నాకు పెన్సిల్‌తో గీతలు పెట్టుకోవడం అలవాటు కాబట్టి కొన్నాను.

రెండోది డెబొరా హైలిగ్మన్ 2017లో రాసిన విన్సెంట్, తియోల పుస్తకం. ఇది టీనేజ్ పిల్లల కోసం రాసినది. మా అమ్మాయి ఇంటర్ సెలవుల్లో రెండు రోజుల్లో లాగించేసింది. అధ్యాయాల్ని గ్యాలరీలు అని పేరు పెట్టి, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి నడుస్తున్నట్టు చిన్న చిన్న దృశ్యాలుగా కట్టారు. 1872లో రైస్వైక్ అనే ఊళ్ళో గాలిమర దాకా అన్నదమ్ములు నడిచిన నడక ఉంటుంది, అప్పటికి ఒకడికి 19, ఒకడికి 15. ఆ నడకని విన్సెంట్ ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఉత్తరాల్లో తలుచుకున్నాడు. ఆ మరని పుస్తకమంతా వెంట తీసుకెళ్ళిన తీరు నాకు నచ్చింది. నచ్చనిది ఏంటంటే, ముక్కలు మరీ చిన్నవి. పెద్దవాళ్ళకి ఒక్కోసారి ఎవరో పక్కనుంచి పేజీ తిప్పేస్తున్నట్టుంటుంది. ఇంట్లో పదో తరగతి దాటిన పిల్లలుంటే కొనండి, లేకపోతే లైబ్రరీలో దొరికితే చదవండి.

ఇక ఆ చితికిన మూల పుస్తకం దగ్గరికొస్తాను, అసలు నేను రాయాలనుకున్నది దాని గురించే.

లూయిటెన్ వాన్ గో మ్యూజియంలో పరిశోధకుడు, పైన చెప్పిన 2009 సంపుటాల ముగ్గురు సంపాదకుల్లో ఒకరు. జో పుస్తకం డచ్‌లో 2019లో వచ్చింది, లిన్ రిచర్డ్స్ చేసిన ఇంగ్లీషు అనువాదం 2022లో. అన్నట్టు డచ్‌లో ఆ పేరుని 'యో' అని పలుకుతారు, వాన్ గోని వాళ్ళు పలికే తీరు మన గొంతులో పలకదు, కాబట్టి జో, వాన్ గో అనే రాస్తున్నాను.

జో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇన్సూరెన్స్ బ్రోకర్ కూతురు, 1862లో పుట్టింది. పదిహేడో ఏట నుంచి డైరీ రాసింది. ఇంగ్లీషు చదువుకుని ఆడపిల్లల బడిలో టీచరుగా చేసింది. అన్న ఆండ్రీస్‌కి పారిస్‌లో స్నేహితుడు తియో. 1887లో తియో ఉన్నట్టుండి వచ్చి పెళ్ళి చేసుకుంటావా అని అడిగితే ఆవిడ ఠక్కున కాదంది, అప్పటికి వాళ్ళిద్దరికీ సరైన పరిచయమే లేదు. ఏడాదిన్నర తర్వాత పారిస్‌లో మళ్ళీ కలిసినప్పుడు ఒప్పుకుంది. ఆ కబురు ఆర్ల్‌కి చేరిన రోజూ, విన్సెంట్ చెవి కోసుకున్న 1888 డిసెంబర్ 23వ తేదీ ఒకటే అని వాదించేవాళ్ళున్నారు. తమ్ముడికి పెళ్ళయితే తనకొచ్చే డబ్బు ఏమవుతుందో అన్న టెన్షన్ ఆ అన్నకి ఉండకుండా ఎలా ఉంటుంది? ఉత్తరాల్లో నేరుగా రాయడు గానీ, మనకి అర్థమవుతుంది. అయితే అక్కడ ఆయనతో కలిసి ఉంటున్న చిత్రకారుడు గోగాఁ వెళ్ళిపోతానంటున్న గొడవ కూడా ఉంది కాబట్టి ఒక్క కారణానికి కట్టెయ్యలేం.

పెళ్ళి 1889 ఏప్రిల్‌లో. బిడ్డ 1890 జనవరి 31న. బావగారి పేరే పెట్టారు, విన్సెంట్ విల్లెం. ఆ పిల్లాడి కోసమే విన్సెంట్ నీలం ఆకాశం మీద బాదం పూల కొమ్మల బొమ్మ వేసి పంపాడు. మన దగ్గర ఫోన్ కవర్ల మీద, కాఫీ కప్పుల మీద కనిపించే ఆ బొమ్మ ఒక ఉయ్యాల కోసం వేసిందని తెలిశాక మళ్ళీ చూడండి. (ఈ కుటుంబంలో పేర్ల సంగతి ఇంకో విచిత్రం. విన్సెంట్ పుట్టడానికి సరిగ్గా ఏడాది ముందు అదే తేదీన ఒక బిడ్డ చనిపోయి పుట్టాడు. వాడి పేరూ విన్సెంటే.)

జో తన బావగారిని మొదటిసారి చూసింది 1890 మేలో, పారిస్‌లో తమ ఇంటికి వచ్చినప్పుడు. ఆ సన్నివేశం ఆవిడే తర్వాత ఉత్తరాల పుస్తకానికి ముందుమాటగా రాసింది, అది కూడా ఇంగ్లీషులో నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఏడాది పాటు మానసిక ఆసుపత్రిలో ఉన్న మనిషి కదా, నీరసంగా దిగుతాడనుకుందట. తీరా చూస్తే వెడల్పాటి భుజాలతో, మంచి రంగుతో, నవ్వుతూ దిగాడు, మా ఆయనకంటే ఈయనే ఆరోగ్యంగా ఉన్నాడే అనుకుంది. తియో అన్నని నేరుగా ఉయ్యాల దగ్గరికి తీసుకెళ్ళాడు. ఇద్దరూ మాట్లాడకుండా పిల్లాణ్ణి చూస్తూ నిలబడ్డారు, ఇద్దరికీ కళ్ళల్లో నీళ్ళు. విన్సెంట్ వెనక్కి తిరిగి ఆ అల్లిక దుప్పటి చూపించి, మరీ ఇన్ని లేసులు కప్పకమ్మా అన్నట్టు నవ్వుతూ ఏదో అన్నాడు. మర్నాడు పొద్దున్నే బయటికెళ్ళి ఆలివ్ కాయలు కొనుక్కొచ్చి, ఆయన రోజూ అవి తినేవాడట, మీరూ తినాల్సిందేనని పట్టుబట్టాడు. ఆ ఇంట్లో భోజనాల గదిలో బంగాళాదుంపలు తినేవాళ్ళ బొమ్మ వేలాడుతోంది, మంచం కింద, సోఫా కింద, అలమర్ల కింద ఫ్రేము లేని కాన్వాసులు దొంతర్లు దొంతర్లుగా ఉన్నాయి. పసిబిడ్డ ఉన్న ఇంట్లో, పచ్చి రంగుల వాసనతో, ఊడ్చుకోవడానికి కూడా చోటు లేకుండా. మూడు రోజులుండి వెళ్ళిపోయాడు. జూలై 29కి లేడు.

1891 జనవరి 25న తియో కూడా పోయాడు. జోకి అప్పటికి 28 ఏళ్ళు, పిల్లాడికి ఇంకా ఏడాది నిండలేదు. పెళ్ళై రెండేళ్ళు కూడా కాలేదు. ఆస్తి అంటే నాలుగొందల దాకా పెయింటింగులు, వందల స్కెచ్‌లు, అలమర నిండా ఉత్తరాలు. వదిలించుకో అని చెప్పినవాళ్ళున్నారు. ఆవిడ వాటన్నిటినీ వెంటేసుకుని పారిస్ వదిలి, హాలండ్‌లో బుసుం అనే చిన్న ఊళ్ళో ఇల్లు అద్దెకి తీసుకుని, అక్కడ భోజనం, వసతితో గదులు అద్దెకివ్వడం మొదలుపెట్టింది. మన మాటల్లో చెప్పాలంటే పేయింగ్ గెస్టుల్ని పెట్టుకుంది. నాకు కావలసిన జవాబు ఇదే. ఆ బొమ్మల అద్దె కట్టింది ఈ గదుల్లో దిగినవాళ్ళు.

పగలంతా వంటలూ లెక్కలూ పిల్లాడూ. రాత్రిళ్ళు తియో దాచిన ఉత్తరాలు చదివేది, మొదట మొగుడి మీద బెంగతో, తర్వాత విన్సెంట్‌ని అర్థం చేసుకోవడానికి. లూయిటెన్ పుస్తకంలో నాకు బాగా నచ్చిన భాగం ఇక్కడినుంచి ఓ వంద పేజీలు. ఆవిడకి బొమ్మల వ్యాపారం తెలియదు, కళా విమర్శ చదువుకోలేదు. యాన్ వెత్ అనే పేరున్న చిత్రకారుడు, విమర్శకుడు మొదట ఈ బొమ్మల్ని ఈసడించాడు. ఆవిడ వాదించలేదు, ఉత్తరాలు పట్టుకెళ్ళి చేతిలో పెట్టింది. ముందు ఈ మనిషిని చదవండి, తర్వాత బొమ్మ చూడండి అన్నట్టు. అది పనిచేసింది. రోలండ్ హోల్స్ట్ అనే ఇంకో చిత్రకారుడు ఆవిడ గురించి స్నేహితుడికి రాస్తూ, మంచి అమ్మాయే గానీ అర్థంకాని విషయం మీద అలా పూనకం వచ్చినట్టు మాట్లాడుతుంటే చిరాకేస్తుంది అనే ధోరణిలో వెక్కిరించాడు. అదే రోలండ్ హోల్స్ట్ 1892 డిసెంబర్‌లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన వాన్ గో ప్రదర్శన కేటలాగుకి అట్టబొమ్మ వేశాడు, వాడిపోయి తల వంచిన పొద్దుతిరుగుడు పువ్వు. రచయిత ఈ రెండూ పక్కపక్కన పెట్టి ఊరుకుంటాడు, వ్యాఖ్యానించడు. నేనైతే రెండు గీతలు గట్టిగానే గీశాను పెన్సిల్‌తో.

బొమ్మలు అమ్మే తెలివి కూడా మెల్లగా పట్టేసింది. ప్రదర్శనకి పంపేటప్పుడు అమ్మేవాటి మధ్యలో అమ్మనివి, అన్నిటికంటే మంచివి, కలిపి పంపేది. వచ్చినవాళ్ళ కళ్ళు వాటి మీదే పడతాయి, దొరకవనేసరికి పక్కవాటికి విలువ పెరుగుతుంది. ఇది మన చీరల షాపుల్లో కౌంటరు వెనక అద్దాల బీరువాలో ఒక పట్టుచీర పెట్టి, అది ఆర్డరుదండీ అంటారు చూడండి, అదే. 1905లో ఆమ్‌స్టర్‌డామ్ స్టెడలిక్ మ్యూజియంలో గదులు తనే అద్దెకి తీసుకుని 480కి పైగా బొమ్మలతో ప్రదర్శన పెట్టింది. పోస్టర్లు తనే వేయించింది, ఎవర్ని పిలవాలో జాబితా తనే రాసుకుంది, పదిహేనేళ్ళ కొడుకు కూర్చుని ఆహ్వానాలు రాశాడు, అక్కడ పనిచేసేవాళ్ళకి మెడ టైలు కూడా ఆవిడే కొంది. అంత పెద్ద వాన్ గో ప్రదర్శన అంతకుముందు ఎక్కడా జరగలేదు.

ఇవన్నీ ఎలా తెలిశాయంటే, ఒక లెక్కల పుస్తకం ఉంది. తియో ఇంటి ఖర్చుల కోసం మొదలుపెట్టినది, ఆయన పోయాక అదే పుస్తకంలో జో కొనసాగించింది, ఏ బొమ్మ ఎవరికి ఎంతకి అమ్మిందో. ఇంటి సరుకులూ వాన్ గో బొమ్మలూ ఒకే అట్టల మధ్య.

ఇక్కడ నేను పుస్తకం మూసేసి కాసేపు కూర్చున్నాను. మా పెదనాన్న గుడివాడలో షాపు బోర్డులు రాసేవారు, సినిమా హాళ్ళకి బ్యానర్లు కూడా వేసేవారు. ఫ్లెక్సీలొచ్చాక పని పోయింది, తర్వాత ఆయనా పోయారు. మా పెద్దమ్మ దగ్గర ఒక పొడుగు నోటుపుస్తకం ఉండేది, ఏ కిరాణా కొట్టు బోర్డుకి ఎంత బాకీ, రంగుల షాపులో మన అప్పు ఎంత, అన్నీ ఆవిడ చేతి రాతే. పెదకర్మ అయిన మూడో రోజు నుంచి ఆ పుస్తకం పట్టుకుని బజారంతా తిరిగింది. కొంత వసూలైంది. బోర్డులు మాత్రం ఒక్కొక్క షాపూ మారినప్పుడల్లా పాత ఇనుప సామాన్లవాడికి కిలోల లెక్కన పోయాయి, ఆయన వేసినది మా ఇళ్ళల్లో ఒక్కటి లేదు. నోటుపుస్తకం ఉంది, మా అన్నయ్య దగ్గర, బీరువాలో.

సరే. పుస్తకంలో లోపాలు చెప్పాలి. మధ్యలో రెండొందల పేజీలు నిజంగా ఓపిక పరీక్షిస్తాయి. ఏ ఊళ్ళో ఏ నెలలో ఎన్ని బొమ్మలు పంపింది, ఏవి తిరిగొచ్చాయి, బెర్లిన్ డీలరు కస్సీరర్‌తో ఎన్నిసార్లు బేరం, ఇవన్నీ వరసగా పేర్చుకుంటూ పోయాడు. పరిశోధకుడు కదా, దొరికిన కాయితం ఏదీ వదల్లేడు. నేను కొన్ని పేజీలు కళ్ళతో తడిమి దాటేశాను, సిగ్గేం లేదు. ఆవిడ సోషలిస్టు పార్టీలో తిరగడం, 1901లో కోహెన్ గోస్చాల్క్ అనే చిత్రకారుడితో రెండో పెళ్ళి, 1912లో ఆయన కూడా పోవడం, ఇవి మాత్రం బాగా చెప్పాడు. ఐజాక్ ఇస్రాయెల్స్ అనే చిత్రకారుడితో మధ్యలో నడిచిన ప్రేమ వ్యవహారాన్ని గుసగుసల్లేకుండా, దాచకుండా రాశాడు. ఆ ఇస్రాయెల్స్ తర్వాత జో దగ్గర పొద్దుతిరుగుడు పువ్వుల బొమ్మ అరువు తెచ్చుకుని, అది వెనక గోడ మీద ఉన్నట్టుగా మనుషుల బొమ్మలు వేశాడు. ఇప్పుడు ఆ బొమ్మని గాజు పెట్టెలో తప్ప ఊహించలేం, అప్పుడు స్నేహితుడికి అరువిచ్చింది.

ఇంకో ఫిర్యాదు, రచయితకి జో అంటే మరీ ఇష్టం. 1914లో ఉత్తరాల్ని 3 సంపుటాలుగా తెచ్చినప్పుడు ఆవిడ కొన్ని చోట్ల కుటుంబం పరువు పోయే వాక్యాలు తీసేసింది, కొన్ని పేర్లని పొడి అక్షరాల్లోకి మార్చింది. ఇది పుస్తకంలో ఉంది, కానీ మెత్తగా ఉంది. నాకు ఇంకొంచెం నిలదీసి ఉంటే బాగుండేదనిపించింది. అయితే ఒకటి ఒప్పుకోవాలి, ఉత్తరాలు అచ్చు వేయడానికి ఆవిడ 20 ఏళ్ళకి పైగా ఆగింది. బొమ్మలకి పేరు రాకముందే మనిషి కథ బయట పెడితే అది ఆయనకి అన్యాయమని ఆవిడే రాసుకుంది. చెవి కథే ముందు తెలుసుకుని బొమ్మల దగ్గరికొచ్చిన నాలాంటివాడు ఈ మాట దగ్గర కాస్త తల దించుకోవాలి.

అదే 1914లో తియో అస్థికల్ని హాలండ్‌లోని యూట్రెక్ట్ నుంచి తెప్పించి ఫ్రాన్స్‌లోని ఓవేర్‌లో అన్న పక్కన పెట్టించింది. తర్వాత మూడేళ్ళు న్యూయార్క్‌లో కొడుకు దగ్గరుండి ఉత్తరాల్ని తనే ఇంగ్లీషులోకి మార్చడం మొదలుపెట్టి, 1925 సెప్టెంబర్‌లో పోయేనాటికి 526వ ఉత్తరం దాకా వచ్చింది.

1925 అంటే గుర్తొచ్చింది, మన చిత్రకారుడు దామెర్ల రామారావు పోయింది కూడా ఆ ఏడాదే, మశూచితో, 28 ఏళ్ళు నిండకుండా. ఆయన బొమ్మలు ఇవాళ రాజమండ్రి గ్యాలరీలో ఉన్నాయంటే భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ, స్నేహితుడు వరదా వెంకటరత్నం లాంటివాళ్ళ వల్లే. ఆ ఇంటి మీద ఇలాంటి అయిదొందల పేజీల పుస్తకం ఎవరైనా రాస్తే నేను ముందే డబ్బు కడతాను. మూల చితికొచ్చినా సరే.

నాలుగోది ప్రదర్శన కేటలాగు. లండన్ నేషనల్ గ్యాలరీలో 2024 సెప్టెంబర్ నుంచి 2025 జనవరి దాకా వాన్ గో ప్రదర్శన జరిగింది, కవులూ ప్రేమికులూ అనే పేరుతో. అక్కడ ఉండే మా చిన్నమ్మ కూతురు వెళ్ళింది. ఆఖర్లో జనం తాకిడి తట్టుకోలేక ఒక రాత్రంతా గ్యాలరీ తెరిచే ఉంచారు. వస్తూ నాకోసం కేటలాగు పట్టుకొచ్చింది, దానికోసం సూట్‌కేసులోంచి నాలుగు డ్రెస్సులు తీసేశానని ఇప్పటికీ దెప్పుతుంది. ముద్రణ బ్రహ్మాండం. రంగు ఎంత మందంగా పూశాడో కాయితం మీద కూడా తెలుస్తుంది, వేలు పెట్టి తడమాలనిపిస్తుంది. వ్యాసాలు మాత్రం కళ చదువుకున్నవాళ్ళ కోసం, నాకు సగమే ఎక్కాయి. కుటుంబం గురించి తెలుసుకోవాలని దీన్ని కొనక్కర్లేదు.

కానీ ఒక్క పేజీ కోసం దీన్ని అరువైనా తెచ్చుకుని చూడండి. ఉయ్యాల తాడు పట్టుకుని కూర్చున్న మదాం రూలాఁ, ఆ పోస్టాఫీసు ఉద్యోగి భార్య, బొమ్మ మధ్యలో, రెండు పక్కలా రెండు పొద్దుతిరుగుడు పువ్వుల బొమ్మలు. ఇలా మూడూ కలిపి వేలాడదీయాలని విన్సెంట్ 1889లో తమ్ముడికి రాసి, చిన్న స్కెచ్ కూడా గీసి పంపాడు. మధ్య బొమ్మ బోస్టన్ నుంచి, ఒక పువ్వుల బొమ్మ ఫిలడెల్ఫియా నుంచి వచ్చాయి. రెండో పువ్వుల బొమ్మ లండన్‌దే. అది లండన్‌కి ఎలా వచ్చిందో లూయిటెన్ పుస్తకం చివర్లో ఉంది. వాళ్ళు అడిగితే జో మొదట ఇవ్వనంది. ముప్పై ఏళ్ళకి పైగా రోజూ చూసుకున్న బొమ్మ, అది లేకుండా ఉండలేను అని. తర్వాత 1924లో తనే మనసు మార్చుకుని, విన్సెంట్ పేరు కోసం ఈ త్యాగం చేస్తున్నానని రాసి ఇచ్చేసింది. రెండేళ్ళు తిరక్కముందే ఆవిడ లేదు. సరిగ్గా నూరేళ్ళ తర్వాత ఆ బొమ్మ మిగతా రెండింటితో కలిసి ఒకే గోడ మీద, ఆ ఉత్తరంలో గీసినట్టే వేలాడింది. ఆ ఉత్తరాన్ని దాచింది తియో, అచ్చు వేయించింది జో. లండన్‌లో గోడ ముందు నిలబడినప్పుడు మా చెల్లికి ఇదేం తెలీదు, నేను ఫోన్లో చెప్తే, "ముందే చెప్పొచ్చుగా అన్నయ్యా, ఇంకో పది నిమిషాలు నిలబడేదాన్ని" అంది.

అంచేత, ఒక్కటే కొనగలిగితే లూయిటెన్ పుస్తకం కొనండి, పేపర్‌బ్యాక్ దొరికితే అదే చాలు, గట్టి అట్ట ధర కొంచెం గుండె దడ పుట్టిస్తుంది. ఫోన్లో చదివే వెర్షన్ వద్దు, ఫొటోలు బఠాణీ గింజలంత కనపడతాయి, వెనకున్న నోట్స్‌కి వెళ్ళి రావడం నరకం. మొదటి నుంచి చదవక్కర్లేదు, తియో పోయిన చోట మొదలుపెట్టి ముందుకెళ్ళి, తర్వాత తీరిగ్గా వెనక్కి రండి. బతికుండగా ఒక్క బొమ్మే అమ్ముడుపోయిందన్న మాట కూడా అప్పటికి మీరు అనడం మానేస్తారు. 1890లో బ్రస్సెల్స్‌లో ఆనా బోక్ 400 ఫ్రాంకులకి ఎర్ర ద్రాక్షతోట కొన్న మాట నిజమే గానీ, అంతకుముందే 1882లో బొమ్మల వ్యాపారం చేసే బాబాయి డబ్బిచ్చి హేగ్ వీధుల స్కెచ్‌లు వేయించుకున్నాడు. ఆ ఇంట్లో ముగ్గురు పెదనాన్న, బాబాయిలు బొమ్మల వ్యాపారులే మరి.

లూయిటెన్ పుస్తకం ప్రస్తుతం నా దగ్గర లేదు. మా వదిన తీసుకెళ్ళింది, బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి, ఆ లెక్కల పుస్తకం సంగతి చెప్పగానే పట్టుకుపోయింది. మొన్న ఫోన్ చేస్తే 1905 దగ్గర ఉన్నాను, మెడ టైలు కూడా కొందటయ్యా అంది. రెండో మూల ఎలా ఉందో అడగలేదు.